200 గజాల ఇంటికి కర్బన నిబంధనలు వర్తిస్తాయా?

ప్రశ్న: విజయనగరం శివార్లలో మాకున్న 200 గజాల స్థలంలో ఇల్లు మొదలుపెట్టబోతున్నాం. కర్బన ఉద్గారాలు తగ్గించే కొత్త నిబంధనలు పాటించకపోతే ప్లాను పాసవదని మా బంధువు ఒకాయన భయపెడుతున్నారు. అవన్నీ పెద్ద భవనాలకేనని మా మేస్త్రి అంటున్నాడు. మా వీధి చివర లేస్తున్న కల్యాణ మండపానికైనా ఇవి వర్తిస్తాయా?
– ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: మీ ఇంటి వరకు మేస్త్రి మాటే నిజం. బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ 2018లో తెచ్చిన ఎకో నివాస్ సంహిత, అంటే ఇళ్లలో ఇంధనం పొదుపయ్యేలా కట్టుబడి ఎలా ఉండాలో చెప్పే కోడ్, 500 చదరపు మీటర్లు, అంటే సుమారు 600 గజాలు, అంతకు మించిన స్థలాల్లో కట్టే నివాస భవనాలను ఉద్దేశించినది. మీ స్థలం 167 చదరపు మీటర్లే. కల్యాణ మండపం సంగతి వేరు. వాణిజ్య భవనాల ఇంధన పొదుపు కోడ్‌ను మన రాష్ట్రం విభజనకు ముందే, 2014 జనవరిలో, నోటిఫై చేసింది. కనీసం 1000 చదరపు మీటర్ల స్థలం గానీ 2000 చదరపు మీటర్ల నిర్మిత విస్తీర్ణం గానీ ఉన్న వాణిజ్య భవనాలు దాని పరిధిలోకి వస్తాయి.

అయితే వర్తించదు కదా అని సంహితను పక్కన పెట్టేయకండి. మన ఉక్కపోతకు పనికొచ్చే లెక్క ఒకటి అందులో ఉంది. ఉక్క ఎక్కువగా ఉండే మన వంటి ప్రాంతాల్లో, బయటికి తెరుచుకునే కిటికీలు, తలుపులు, వెంటిలేటర్ల వైశాల్యం కార్పెట్ ఏరియాలో (గోడలు పోను లోపలి నేల వైశాల్యంలో) కనీసం ఆరో వంతు ఉండాలని అది చెబుతుంది. ఇక్కడే చాలామంది పొరబడుతున్నారు. నాలుగడుగుల వెడల్పు, అయిదడుగుల ఎత్తు ఉన్న స్లైడింగ్ కిటికీ చూపుకు 20 చదరపు అడుగులే గానీ, ఒక తలుపు జరిపితే రెండోదాని వెనక్కి పోతుంది కాబట్టి గాలి వచ్చేది పదడుగులకే. అదే కొలతలో పాత పద్ధతి రెక్కల కిటికీ పెడితే దాదాపు పద్దెనిమిది అడుగులు తెరుచుకుంటుంది. గాలి ఆడే గదిలో ఏసీ వేసే గంటలు తగ్గుతాయి. ఆ మేరకు బొగ్గు కాలడమూ తగ్గుతుంది.

పైకప్పు ద్వారా లోపలికి వచ్చే వేడికీ సంహిత పరిమితి పెట్టింది. వట్టి శ్లాబు ఆ పరిమితిలో ఇమడదు. పైన వేడిని ఆపే పొర ఏదైనా వేసి, తెల్లని టైల్స్ పరిపించండి.

ఆ 2018 సంహిత పట్టించుకోనిది, నా దృష్టిలో పెద్ద లోటు, సిమెంటు. సున్నపురాయిని కాల్చి సిమెంటుకు మూలమైన క్లింకర్ చేసేటప్పుడు ఆ రాయిలోంచే బొగ్గుపులుసు వాయువు వెలువడుతుంది. క్లింకర్‌లో కొంత భాగం బదులు ఉక్కు కర్మాగారపు స్లాగ్ (చిట్టెం) కలిపిన పీఎస్‌సీ (పోర్ట్‌లాండ్ స్లాగ్) సిమెంటు వాడితే ఆ మేరకు ఉద్గారం తగ్గుతుంది, ఉప్పుగాలినీ అది బాగా తట్టుకుంటుంది. తొలినాళ్లలో కాస్త నెమ్మదిగా గట్టిపడుతుంది కాబట్టి సెంట్రింగు విప్పడానికీ నీళ్లు పట్టడం ఆపడానికీ మేస్త్రిని తొందరపడనివ్వకండి.

సోలార్ పలకలు పెట్టే ఆలోచన ఉంటే, పీఎం సూర్యఘర్ పథకం కింద 3 కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీ ఉంది. 2018 తిత్లీ తుపాను శ్రీకాకుళంలో ఏం చేసిందో మీకు తెలియనిది కాదు. పలకల స్టాండ్లకు బోల్టులు ఎక్కడ రావాలో శ్లాబు పోయకముందే గుర్తు పెట్టించండి.