స్టెప్ బిట్టు కొన్న మేనల్లుడికి

విజయనగరం

అల్లుడూ,

నువ్వు వాట్సాప్‌లో పంపిన ఫోటో చూశాను. బంగారు రంగు పోయి, పై మెట్ల దగ్గర నీలంగా మాడిపోయిన స్టెప్ బిట్టు, అదే మెట్టు మెట్టుకీ లావెక్కుతూ ఒక్కటే రకరకాల సైజుల కన్నాలు పెట్టే డ్రిల్లు బిట్టు. కింద "మావయ్యా, ఈసారి ఏ కంపెనీది కొనమంటావు?" అని రాశావు. కంపెనీ సంగతి తర్వాత చూద్దాం. ఆ నీలం రంగే జరిగింది చెప్తోంది. స్టెయిన్‌లెస్ రేకు మీద ట్రిగ్గరు పూర్తిగా నొక్కి తిప్పేశావు. రెండింతల డబ్బు పోసి ఇంకోటి కొన్నా, అలాగే తిప్పితే దానికీ ఇదే గతి. ఫోన్లో చెబితే సగం గాలికి పోతుందని కూర్చుని రాస్తున్నాను. తీరిగ్గా చదువు.

పలచటి రేకులో మామూలు బిట్టు చేసే ఆగం నీకు తెలిసిందే. గుండ్రంగా రావాల్సిన కన్నం మూడు మూలలుగా వస్తుంది. అవతలికి దిగే సమయంలో రేకుని పట్టుకుని పైకి లాగేస్తుంది. స్టెప్ బిట్టు అలా చేయదు. కింది మెట్టు కోసిన కన్నంలోనే కూర్చుని పై మెట్టు కోస్తుంది కాబట్టి పక్కకి జారదు. ఉన్న కన్నాన్ని పెద్దది చేయాలన్నా దీన్ని మించింది లేదు. హోల్‌సాతో (గిన్నెలాంటి గుండ్రటి రంపం) ఆ పని చేయబోతే దాని మధ్యలో ఉండే పైలట్ బిట్టుకి పట్టే దొరకదు. మన బజారులో ఎక్కువగా దొరికేవి మూడు రకాలు: 4 నుంచి 12 మిల్లీమీటర్ల వరకు ఒక్కొక్కటిగా పెరిగేది, 4 నుంచి 20 వరకు రెండేసి చొప్పున పెరిగేది, 4 నుంచి 32 వరకు వెళ్లేది. నువ్వు కాల్చింది ఆ మూడోది.

ఇక అసలు విషయం. మామూలు బిట్టుకి ఒక వేగం చూసుకుంటే పని అయిపోతుంది. స్టెప్ బిట్టు లోపలికి దిగేకొద్దీ సైజు మారిపోతుంది కదా, అందుకని వేగం కూడా మారాలి. లెక్క చూడు. నిమిషానికి వెయ్యి చుట్లు తిరిగితే 4 మిల్లీమీటర్ల మొన అంచు నిమిషానికి పన్నెండున్నర మీటర్లు నడుస్తుంది. అదే వెయ్యి చుట్లకి 32 మెట్టు అంచు వంద మీటర్లు నడుస్తుంది. నీ వేలు ట్రిగ్గరు మీద కదలలేదు, రాపిడి మాత్రం ఎనిమిది రెట్లయింది. హైస్పీడ్ స్టీల్ బిట్టు మామూలు ఇనుప రేకు మీద నిమిషానికి 25, 30 మీటర్ల దాకా ఇబ్బంది లేకుండా కోస్తుంది. స్టెయిన్‌లెస్ మీద 10, 12 దగ్గరే ఆగాలి.

గుర్తుండటానికి ఒక లెక్క చెబుతాను. ఇనుప రేకుకి 8000ని కన్నం సైజుతో భాగించు. 10 మిల్లీమీటర్లకి 800 చుట్లు, 20కి 400, 32కి 250. స్టెయిన్‌లెస్‌కి అందులో సగం, ఇంకా కాస్త తక్కువైతే మరీ మంచిది. అల్యూమినియానికి రెండింతలు తిప్పినా ఏమీ కాదు. చిన్న చక్ (బిట్టుని పట్టే దవడ) ఉన్న చేతి డ్రిల్లు పూర్తిగా నొక్కితే సాధారణంగా రెండు వేలు దాటుతుంది, లేబులు మీద రాసి ఉంటుంది చూడు. అలాంటి దాంట్లో 32 మెట్టు పెడితే ఇక చెప్పేదేముంది? రెండు గేర్ల బ్యాటరీ డ్రిల్లు ఉంటే ఒకటో గేరులో పెట్టు, అది దాదాపు 400, 500 దగ్గర ఆగిపోతుంది. హ్యామర్ మోడ్ ఆపేశావో లేదో ఒకసారి చూసుకో. వర్క్‌షాపులో బెంచి డ్రిల్లు ఉంటే బెల్టు మార్చి నెమ్మది పుల్లీ మీద వేయడానికి బద్ధకించకు. ఆ బెల్టు మార్చే రెండు నిమిషాలకి ఏడ్చి బిట్లు కాల్చుకునేవాళ్లని చాలామందిని చూశాను.

స్టెయిన్‌లెస్‌కి ఇంకో జబ్బుంది. కోయకుండా ఊరికే రుద్దితే ఆ చోటు గట్టిపడిపోతుంది. ఒకసారి గట్టిపడితే కొత్త బిట్టు కూడా దాని మీద జారుతుంది. అందుకే వేగం తక్కువ, ఒత్తిడి ఎక్కువ. భుజం బరువు వేసి నొక్కు, రజను ముక్కలు రాలుతూనే ఉండాలి. రాలడం ఆగిందంటే రుద్దుతున్నావని అర్థం, వెంటనే బిట్టు పైకి తీసెయ్. మధ్యమధ్యలో తీసి "చల్లారనిద్దాం" అని మళ్లీ మెల్లగా ఆనించడం కూడా రుద్దడమే. మళ్లీ పెట్టేటప్పుడు గట్టిగానే పెట్టు. కటింగ్ ఆయిల్ తప్పకుండా వాడు. అది లేనప్పుడు ఇంట్లో కొబ్బరి నూనె అయినా ఫరవాలేదు, పొడిగా మాత్రం కోయకు. మన వైపు గేట్లకీ రెయిలింగులకీ వాడే 202 రకం స్టెయిన్‌లెస్ 304 రకం కంటే ఇంకా తొందరగా గట్టిపడుతుంది. చవక రకం కదా, సులువుగా తెగుతుందని అనుకోకు. మీ జీడిపప్పు ఫ్యాక్టరీలో స్టెయిన్‌లెస్ పనే ఎక్కువగా ఉంటే ఆ ఒక్క పనికి కోబాల్ట్ కలిపిన ఉక్కు బిట్టు కొనుక్కో. బంగారు రంగు పూత చూసి మోసపోకు. అది పలచటి పూత, లోపలి ఉక్కు నాసిరకమైతే పూత ఏమీ చేయలేదు.

రేకు మందం కూడా చూడాలి. బిట్టులో ఒక్కో మెట్టు ఎత్తు ఎంతో స్కేలు పెట్టి కొలువు. చాలావాటిలో నాలుగైదు మిల్లీమీటర్లుంటుంది. రేకు మందం అంతకంటే తక్కువగా ఉండాలి. ఎక్కువైతే ఒక మెట్టు పూర్తిగా కిందికి దిగకముందే పై మెట్టు కోయడం మొదలుపెడుతుంది, కన్నం గరాటులా తయారవుతుంది. కరెంటు ప్యానెల్ పెట్టెలకి వాడే 16 గేజు రేకు 1.6 మిల్లీమీటర్లు, 14 గేజు రెండు మిల్లీమీటర్లు. వాటికి బెంగ లేదు. యాంగిల్, ఛానెల్, మందపాటి ప్లేట్లకి స్టెప్ బిట్టు తియ్యకు, మామూలు బిట్టో హోల్‌సానో వాడు.

గ్లాండు (పెట్టెలోకి వైరు దూరేచోట బిగించే మర బిళ్ల) కన్నాలు పెట్టేముందు గ్లాండునే వెర్నియర్‌తో కొలువు. ప్యాకెట్ మీద సైజు నమ్ముకుంటే తేడా వస్తుంది. ఎం 20 గ్లాండు మర బయటి కొలత 20, సరిగ్గా 20 కన్నంలో రంగు మందం వల్ల ఇరుక్కుంటుంది, గుండ్రటి ఆకురాయితో ఒక చుట్టు తీయాలి. పీజీ 16 అనే గ్లాండు సైజుకి 22.5 కావాలి. పుష్‌బటన్లకీ ఇండికేటర్లకీ కూడా దాదాపు అంతే. నీ బిట్టులో 22 తర్వాత 24 వస్తుంది. 22 దగ్గర ఆగి మిగతాది ఆకురాయితో తియ్యి. 24 దాకా వెళ్లావంటే బటన్ వదులుగా తిరుగుతూ ఉంటుంది, రోజూ ఎవడో ఒకడు తిట్టుకుంటాడు. పని ఎక్కువగా ఉంటే గ్లాండు సైజులకే చేసిన స్టెప్ బిట్లు దొరుకుతాయి, అవి కొనుక్కో.

ఆగాల్సిన మెట్టు దాటిపోవడం అందరికీ అయ్యేదే. ఒక మెట్టు పూర్తవగానే బిట్టు ఒక్కసారిగా తేలికై కిందికి జారుతుంది. పర్మనెంట్ మార్కర్‌తో ఆగాల్సిన మెట్టు మీద గీత పెట్టుకో. నూనెకి చెరిగిపోతుందనుకుంటే పై మెట్టు చుట్టూ ఇన్సులేషన్ టేపు ఒక చుట్టు వెయ్యి. ఆఖరి మెట్టు సగం దిగాక ఒత్తిడి తగ్గించెయ్. పూర్తయ్యాక పై మెట్టు ఏటవాలు అంచుని రెండు చుట్లు మెల్లగా తాకించు, పైన లేచిన పదును పోతుంది. అవతలి వైపు లేచిన పదునుని ఆకురాయితో తీసేయాలి. వైరు తొడుగుని చీల్చేది అదే.

గుర్తు పెట్టిన చోట సెంటర్ పంచ్‌తో (మొనదేలిన ఉలి) చిన్న గుంట కొట్టి మొదలుపెట్టు. మొన దానంతట అదే పట్టుకుంటుందని అమ్మేవాళ్లు చెప్తారు, రంగు వేసిన రేకు మీద అది జారుతుంది. పౌడర్ కోటింగ్ ఉంటే మాస్కింగ్ టేపు అంటించి దాని మీదే గుర్తు పెట్టు.

కోసిన అంచుకి రంగు వేయకుండా వదిలెయ్యకు. మీ పలాస సముద్రానికి దగ్గర, ఉప్పుగాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఆ దగ్గరలోనే తీరం దాటింది కదా, ఆ తర్వాత తోటల్లో మోటారు పెట్టెలు విప్పితే రేకు మధ్యలో బాగానే ఉండేది, గ్లాండు కన్నాల చుట్టూ మాత్రం చిల్లులు పడి ఉండేవి. జింక్ ప్రైమరు డబ్బా ఒకటి సంచిలో ఉంచుకుని ప్రతి కన్నానికీ కుంచెతో ఒక చుట్టు వెయ్యి. వీలైనంతవరకు కన్నాలు పెట్టె అడుగునే పెట్టు, పైన పెడితే గ్లాండు ఎంత మంచిదైనా వాననీళ్లు ఏదో ఒకరోజు దారి వెతుక్కుంటాయి.

మిగతా వాటి సంగతి క్లుప్తంగా చెబుతాను. అల్యూమినియం మెత్తన, బిట్టు గాడిలో అతుక్కుపోతుంది. కిరోసిన్ చుక్కలు వేస్తూ, గాడిలో పేరుకున్నది బ్రష్‌తో తీస్తూ ఉంటే అద్దంలా వస్తుంది. ఇత్తడిని పొడిగానే కోయవచ్చు. నిలువు గాడి ఉన్న స్టెప్ బిట్టు ఇత్తడిని మామూలు బిట్టులా పట్టి లాగదు, అందుకే మొన్న మీ అత్తయ్య బుదితి దీపం సెమ్మెకి వైరు కన్నం పెట్టమంటే ధైర్యంగా పెట్టాను. ప్లాస్టిక్ జంక్షన్ పెట్టెలకి నెమ్మదిగా తిప్పు, వేగం ఎక్కువైతే కరిగి అంచున ముద్ద కడుతుంది. పాలీకార్బొనేట్‌కీ యాక్రిలిక్‌కీ నూనె గానీ కిరోసిన్ గానీ తాకించకు, కొన్నాళ్లకి కన్నం చుట్టూ సన్నటి పగుళ్లు వస్తాయి. కావాలంటే సబ్బు నీళ్లు. ఆర్.ఓ. కుళాయి కోసం వంటింటి సింకుకి 12 మిల్లీమీటర్ల కన్నం పెట్టమని ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. అది కూడా స్టెయిన్‌లెస్సే, పైన చెప్పిందంతా దానికీ వర్తిస్తుంది, అడుగున చెక్క ముక్క ఆనించి పట్టుకో. ఆ సింకు పక్కనున్న టెక్కలి గ్రానైట్ మీదో టైల్స్ మీదో మాత్రం ఈ బిట్టు పెట్టకు. వాటికి డైమండ్ బిట్లు వేరే ఉన్నాయి. లావు చెక్కలో కూడా ఇది పనికిరాదు.

మొద్దుబారిన బిట్టుని పారేయకు. పదును పెట్టాల్సింది గాడి లోపలి చదును ముఖానికి, సన్నటి డైమండ్ ఆకురాయితో, రెండు గాళ్లలోనూ సమానంగా. మెట్ల బయటి అంచుకి రాయి తాకిందంటే సైజు తగ్గిపోతుంది, ఇక 20 అనుకున్నది 20 ఉండదు. నీలంగా మాడిన చోట ఉక్కు గట్టిదనం పోయి ఉండొచ్చు, అలా పోతే ఎంత పదును పెట్టినా ఇనుము మీద నిలవదు. ఆ బిట్టుని ప్లాస్టిక్ పెట్టెలకి ఉంచుకో. పైడితల్లి పండక్కి ఎలాగూ వస్తావుగా, సిరిమాను చూశాక మా ఇంట్లో కూర్చుని పదును ఎలా పెట్టాలో చూపిస్తాను.

చేతులకి గుడ్డ గ్లౌజులు వేసుకోకు, తిరిగే బిట్టు గుడ్డని పట్టిందంటే వేళ్లు కూడా వెళ్తాయి. భుజం మీద తువ్వాలు తీసి పక్కన పెట్టు. కళ్లద్దాలు పెట్టుకో, స్టెయిన్‌లెస్ ముక్కలు సూదుల్లా ఉంటాయి. విడి రేకుని చేత్తో పట్టుకుని ఎప్పుడూ కోయకు, సి-క్లాంపులు రెండు బిగించు. పెద్ద మెట్లు పట్టినప్పుడు డ్రిల్లే తిరగబోతుంది, పక్క పిడి బిగించుకుని రెండు చేతులా పట్టుకో.

నడుస్తున్న ప్యానెల్‌లో కొత్త కన్నం పెట్టాల్సి వస్తే ఇన్‌కమర్ (ప్యానెల్ లోపలి మెయిన్ స్విచ్చి) ఆపితే చాలనుకోకు. ఇన్‌కమర్ పై టెర్మినల్స్‌లో కరెంటు అలాగే ఉంటుంది. వెనకనుంచి ప్యానెల్‌కి కరెంటు తెచ్చే ఫీడరే ఆపించి, టెస్టర్‌తో మూడు ఫేజులూ చూసుకుని మొదలుపెట్టు. కాంటాక్టర్లు, ఎంసీబీలు లాంటి లోపలి స్విచ్చులన్నీ పాత పేపర్లతో కప్పి టేపు వెయ్యి. కన్నం కింద గ్రీజు రాసిన అట్ట ముక్క ఒకటి పట్టుకుంటే రజను దానికే అంటుకుంటుంది. ఇనుప రజనుని అయస్కాంతం లాగుతుంది, 304 స్టెయిన్‌లెస్ రజనుని అది సరిగా లాగదు, అల్యూమినియాన్ని అసలే లాగదు. వాటికి వాక్యూమే గతి. బ్లోయర్ పెట్టి ఊదావంటే ఆ ముక్కలన్నీ కాంటాక్టర్ లోపలికి పోతాయి. పేపర్లు తీసేటప్పుడు బయటికి మడిచి తియ్యి. ఆ తర్వాత మెగ్గర్ (ఎక్కువ ఓల్టేజీ పెట్టి ఇన్సులేషన్ కొలిచే మీటరు) పెట్టి ఇన్సులేషన్ చూశాకే ఫీడర్ ఇవ్వమని చెప్పు. మెగ్గర్ పెట్టేముందు మోటారు వేగం మార్చే డ్రైవ్‌లు, మీటర్లు విప్పి పక్కన పెట్టడం మర్చిపోకు, వాటికి ఆ ఓల్టేజీ పడదు.

మీ మావయ్య