పాఠకుల ప్రశ్నలు: జుర్మానా వేసే అధికారం ఎవరిది?

ప్రశ్న: పొలం బాట తగాదాలో మా ఊరి వీడీసీ (గ్రామాభివృద్ధి కమిటీ) మాకు 50 వేల జుర్మానా వేసింది. మేం కట్టలేదు. మాతో మాట్లాడినవాళ్లు 5 వేలు కట్టాలని డప్పు చాటింపు వేయించిన్రు. కిరాణంల సామాను ఇస్తలేరు, దున్నడానికి ట్రాక్టర్ వస్తలేదు. ఇది ఊరి కట్టుబాటా, నేరమా?
– ఒక రైతు, జగిత్యాల జిల్లా

జవాబు: నేరమే. అయితే ఇందులో నేరం ఎక్కడుందో విడదీసి రాస్తేనే ఫిర్యాదు నిలబడుతుంది. పక్కింటాయన అలిగి పలకరించకపోయినా, పెళ్లికి పిలవకపోయినా చట్టం పట్టించుకోదు. పెద్దమనుషులు ఇరుపక్షాలనూ కూర్చోబెట్టి రాజీ చేసినా తప్పులేదు. బెదిరించి డబ్బు అడగడం, మీతో మాట్లాడేవాళ్లనూ దండిస్తామనడం మాత్రం వాళ్ల చేతిలో లేని పని. ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్ సైతం విచారణ జరిపి, చట్టంలో రాసి ఉన్న నేరానికే జరిమానా వేయాలి; ఆయన పరిమితీ 50 వేలే! వీడీసీకి అదీ లేదు. అది ఎన్నికైన గ్రామపంచాయతీ కాదు.

భారతీయ న్యాయ సంహిత 308 కింద బెదిరించి డబ్బు గుంజితే ఏడేళ్ల దాకా, గుంజడానికి భయపెడితే రెండేళ్ల దాకా శిక్ష ఉంది. మీరు ఎస్సీ లేదా ఎస్టీ అయి, బహిష్కరించినవాళ్లు ఎస్సీ, ఎస్టీలు కాకపోతే అట్రాసిటీ చట్టం 3(1)(జడ్‌సీ) వర్తిస్తుంది: ఆరు నెలల నుంచి ఐదేళ్లు. ఫిర్యాదుకు కుల ధ్రువీకరణ పత్రం జతచేయండి. దర్యాప్తు డీఎస్పీ స్థాయి అధికారి చేయాలి. మహారాష్ట్ర అయితే సాంఘిక బహిష్కరణ మీద 2016లో ప్రత్యేక చట్టమే చేసింది, అక్కడ కులంతో పని లేదు.

ఇలాంటి కేసులు ఎక్కువగా దెబ్బతినేది 'ఊరంతా మమ్మల్ని వెలేసింది' అని రాయడం వల్ల. ఊరి మీద ఎఫ్‌ఐఆర్ కాదు. తీర్మానం ఏ రోజు, ఎక్కడ జరిగింది, ఎవరు ఏమన్నారు, చాటింపు ఎవరు వేయమన్నారు – పేర్లతో రాయండి. దుకాణదారును నిందితుల్లో కలపకండి. ఆయనకూ 5 వేల భయమే. రేపు మీకు సాక్షి కావాల్సిన మనిషి. వాట్సాప్ మెసేజ్, ఆడియో ఉంటే ఆ ఫోన్ మార్చొద్దు, ఫార్మాట్ చేయొద్దు. కోర్టులో ఆ మెసేజ్, ఆడియోను సాక్ష్యంగా చూపాలంటే వాటికీ విడిగా ధ్రువీకరణ పత్రం కావాలి. బాండ్ పేపర్ మీద 'తప్పు ఒప్పుకుంటున్నా' అని సంతకం అడుగుతారు, పెట్టకండి.

ఎస్‌ఐ 'సివిల్ తగాదా' అని పంపేస్తే ఫిర్యాదును రిజిస్టర్డ్ పోస్టులో ఎస్పీకి పంపండి (వరంగల్, కరీంనగర్, నిజామాబాద్ వంటిచోట్ల పోలీస్ కమిషనర్‌కు). రశీదు దాచుకోండి, అక్కడా కదలకపోతే మేజిస్ట్రేట్ ముందుకు వెళ్లేటప్పుడు అది కావాలి. బాట తగాదా మాత్రం వేరే కాగితం. దాన్ని ఈ ఫిర్యాదులో కలిపితే ఎస్‌ఐ మాటకు మీరే బలమిచ్చినట్టు. ఉచిత న్యాయసహాయానికి నంబరు 15100.

ప్రశ్న: నిన్న ఆచారమైంది ఇవాళ నేరం ఎట్లవుతది?
– డిగ్రీ విద్యార్థిని, హనుమకొండ

జవాబు: మన ఉత్తర తెలంగాణలో ఆడపిల్లను దేవుడికి అంకితమిచ్చి జోగినిగా మార్చడం దేవుడి పేరుతో నడిచిన ఆచారం. 1988 చట్టం దాన్ని నేరం చేసింది. అంతమాత్రాన ఊళ్లో ఆగిపోలేదు, ఎందుకంటే చట్టం మారినా దానివల్ల లాభపడేవాళ్లు మారలేదు. తిరగబడ్డదీ ఉంది: వివాహేతర సంబంధం 2018 దాకా నేరం, సుప్రీంకోర్టు ఆ సెక్షన్ కొట్టేసింది. విడాకులకు ఇప్పటికీ కారణమే, జైలుకు కాదు. ఊరి దృష్టిలో తప్పు, చట్టం దృష్టిలో నేరం ఒకటి కావు.

ప్రశ్న: మా తమ్ముడు 3 వేల విలువైన ఫోన్ దొంగిలించి దొరికిండు. జైలుకు పంపుతరా?
– వరంగల్

జవాబు: ఫోన్ తిరిగి ఇచ్చేస్తే, మొదటిసారి శిక్ష పడుతుంటే, విలువ 5 వేల లోపుంటే సమాజ సేవే శిక్ష. జీతం లేని పని, కోర్టు చెప్పినచోట చేయాలి. ఫోన్ అప్పగించినట్టు రాతపూర్వకంగా తీసుకోండి; విలువ మీద పేచీ వస్తుంది కాబట్టి కొన్న బిల్లు కాదు, దొంగతనం నాటి ధర చూడమని వకీలుకు చెప్పండి.