సుత్తి పక్కన పెట్టు

తమ్ముడూ,

నీ కథ అందింది. మఠం వంటశాల పేరా బాగుంది. మొదటి పేజీకే మాత్రం చిర్రెత్తుకొచ్చింది. 1517 అక్టోబరు 31, విట్టెన్‌బర్గ్ చర్చి తలుపు, దానికి తన వాదాల కాగితం కొడుతున్న జర్మన్ సన్యాసి మార్టిన్ లూథర్ చేతిలో సుత్తి, చుట్టూ జనం కేకలు. ఇంటర్వెల్ సీన్‌లా ఉంది. డబ్బుకి పాపపరిహార పత్రాలు అమ్మడాన్ని నిలదీసిన ఆ 95 వాదాలు లాటిన్‌లో, పండితులు చర్చించుకోవడానికి రాసినవయ్యా! జనం ఏం చదివి కేకలేశారు? తలుపు సంగతి లూథర్ పోయాక రాసిన ఆయన సహచరుడు మెలాంక్‌థన్ ఆ ఊరొచ్చిందే 1518లో. ఆ రోజు ఖాయంగా జరిగింది, మెయింజ్ ఆర్చిబిషప్ ఆల్బ్రెక్ట్‌కి లూథర్ ఉత్తరం రాయడం. అందులో తనని తాను మనుషుల్లో మడ్డినని చెప్పుకున్నాడు. నీ హీరో అలా ఒక్కచోటైనా తల దించాడా?

దేవుడున్నాడా లేడా అని నీ లూథర్ మథనపడుతున్నాడు. అది నీ సందేహం, ఆయనది కాదు. దేవుడు ఉన్నాడు, నన్ను క్షమించాడా అన్నదే ఆయన టెన్షన్. ఎర్‌ఫర్ట్ మఠంలో గంటల తరబడి పాపసంకీర్తనం చేసేవాడు, అంటే గురువు దగ్గర పాపాలు ఒప్పుకునేవాడు. ముగించి లేచాక ఇంకేదో మర్చిపోయానని మళ్లీ వెళ్లేవాడు. వినే పెద్దాయన స్టౌపిట్జే విసిగిపోయాడు.

1507లో గురువయ్యాక ఆయన చర్చిలో చేసిన మొదటి పూజ చూడు. బలిపీఠం దగ్గర వణికిపోయాడు. తర్వాత విందులో తండ్రి హాన్స్ పక్కన కూర్చుని, నేను సన్యాసినైతే మీకెందుకంత కోపం అని అడిగాడు. పిడుగుకి భయపడి మొక్కుకుని, లా చదువు వదిలేసిన కొడుకు కదా. తండ్రి అందరి ముందూ, ‘తల్లిదండ్రుల్ని సన్మానించమన్న ఆజ్ఞ చదవలేదా? ఆ పిడుగు దయ్యం పని కాదని ఏమిటి నమ్మకం?’ అన్నాడు. ఏళ్లు గడిచినా లూథర్ ఆ మాట మర్చిపోలేదు. ఇంత సరుకు చేతిలో ఉంటే నీకు సుత్తి దేనికి?

ఎన్ని గంటలు ఏడ్చినా క్షమాపణ దొరికిందన్న నమ్మకం కుదరని మనిషి అతను. తన దగ్గర పాపాలు ఒప్పుకునే ఊరివాళ్లు పొలిమేర దాటి, టెట్జెల్ అనే మతబోధకుడు అమ్ముతున్న పాపపరిహార పత్రాలు కొనుక్కొచ్చారు. అందులో సగం డబ్బు రోములో సెయింట్ పీటర్స్ చర్చి కట్టడానికి, సగం ఆల్బ్రెక్ట్ ఫుగ్గర్లనే వడ్డీ వ్యాపారుల దగ్గర చేసిన అప్పుకి. అప్పు సంగతి లూథర్‌కి అప్పట్లో తెలియదు. తెలియకుండానే మండిపోయాడు.

మా గుంటూరు వైపు లూథరన్ మిషన్ 1842 నుంచీ ఉంది. ప్రార్థన చెప్పలేక గొంతు పట్టేసిన ఒక ఉపదేశి మీద నేనూ కథ రాశాను. ఒక వారపత్రిక సంపాదకుడు చివర్లో సిలువ విసిరేయించమన్నాడు. మరొకాయన మోకాళ్ల మీద కూర్చోబెట్టమన్నాడు. ఇద్దరికీ తీర్పు కావాలి, మనిషి అక్కర్లేదు. ఆ కథ ఇంకా నా పెట్టెలోనే ఉంది. ఇప్పుడేమో ప్రతి కథలో హీరో ‘ప్రశ్నిస్తాడు’, అవార్డు వస్తుంది!

ఎన్ని పేజీలుండాలి, ఎవరికి పంపాలి అన్నావు. అవి తర్వాత. 1521 ఏప్రిల్ 17న వోర్మ్స్ ఊళ్లో చక్రవర్తి సభలో, రాసినవి వెనక్కి తీసుకుంటావా అని అడిగితే లూథర్ వెంటనే జవాబు చెప్పలేదు, గడువు అడిగాడు. మర్నాటి దాకా ఇచ్చారు. ఆ రాత్రిని నువ్వు ‘తెల్లవారింది’ అని ఒక్క మాటతో దాటేశావు. ముందు అది రాసి పంపు.

మీ అన్నయ్య