కార్డు మారింది, యాత్ర రద్దయింది: అడ్వాన్సు సొమ్ము ఎలా రాబట్టుకోవాలి?

ప్రశ్న: నేను గుంటూరు బ్రాడీపేటలో ఉంటున్న విశ్రాంత ఉపాధ్యాయుణ్ని. మేమిద్దరం చార్‌ధామ్ యాత్రకు వెళ్లాలనుకొని విజయవాడలోని ఒక ట్రావెల్స్ సంస్థకు, వారు ఫోనుకు పంపిన లింకు ద్వారా, నా క్రెడిట్ కార్డుతో నలభై వేల రూపాయలు అడ్వాన్సు కట్టాను. తగినంతమంది యాత్రికులు చేరలేదంటూ సంస్థవారే యాత్రను రద్దు చేసి, సొమ్మును కట్టిన కార్డుకే తిరిగి వేస్తామన్నారు. ఈలోగా నా కార్డు ఎక్కడో పడిపోవడంతో బ్యాంకువారు దానిని బ్లాకు చేసి కొత్త నంబరుతో మరో కార్డు పంపారు. ట్రావెల్స్‌వారిని అడిగితే, పాత కార్డుకు ఎప్పుడో పంపేశామని, ఇక బ్యాంకునే అడగమని అంటున్నారు. బ్యాంకు కాల్ సెంటర్‌వారు తమకేమీ రాలేదంటున్నారు. ఇప్పుడు ట్రావెల్స్ ఉద్యోగి కొత్త కార్డుకు రెండు వైపులా ఫొటోలు తీసి వాట్సాప్‌లో పంపమంటున్నాడు. పంపవచ్చునా? రద్దయిన కార్డు నంబరుకు వెళ్లిన సొమ్ము ఏమవుతుంది?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: మీ కొత్త కార్డు ఫొటోలను ఎవరికీ పంపవద్దు. మిగిలిన విషయాలన్నీ నిదానంగా చూసుకోవచ్చు గానీ ఇందులో మాత్రం తొందరపడితే నష్టం జరుగుతుంది గనుక ముందుగా చెబుతున్నాను. కార్డుతో తీసుకున్న సొమ్మును తిరిగి ఇవ్వడానికి ట్రావెల్స్ సంస్థకు మీ పాత నంబరు గానీ కొత్త నంబరు గానీ అక్కర్లేదు. వారు తమ పేమెంట్ గేట్‌వే (ఆన్‌లైన్ చెల్లింపులను స్వీకరించి సంస్థకు చేర్చే సేవ) ఖాతా తెరిచి, మీరు అడ్వాన్సు కట్టిన నాటి లావాదేవీని వెతికి, దాని మీదనే రీఫండ్ నమోదు చేస్తారు. అసలు వ్యాపారులు కొనుగోలుదారుల కార్డు పూర్తి నంబరును తమ దగ్గర దాచుకోకూడదన్న రిజర్వు బ్యాంకు నిబంధన 2022 అక్టోబరు 1 నుంచి అమలులో ఉంది. గుర్తు కోసం చివరి నాలుగు అంకెలు మాత్రం ఉంచుకోవచ్చు. అలాంటప్పుడు కార్డు వెనుక ముద్రించి ఉండే మూడంకెల భద్రతా సంఖ్య (సీవీవీ)తో సహా ఫొటో అడగడానికి ఏ కారణమూ లేదు. ఆ ఉద్యోగి పని తెలియక అడిగి ఉండవచ్చు, ఆయనను నేను అనుమానించడం లేదు. కానీ ఒకసారి వాట్సాప్‌లో పెట్టిన ఫొటో ఇంకెన్ని ఫోన్లకు చేరుతుందో ఆయనకూ తెలియదు. మనకు రావలసిన సొమ్ము రావడానికి ఓటీపీ చెప్పవలసిన అవసరం కూడా ఎన్నడూ ఉండదని గుర్తుంచుకోండి.

ఇక మీ రెండో సందేహం. బ్యాంకు దృష్టిలో మీకు ఒక క్రెడిట్ కార్డు ఖాతా ఉంది. కార్డు మీద ఉన్న పదహారు అంకెలు ఆ ఖాతాను చేరుకోవడానికి ఇచ్చిన దారి మాత్రమే. ఇంటి తాళం మార్చినంత మాత్రాన ఇల్లు మారదు గదా. పోయిన కార్డును బ్లాకు చేసి కొత్తది ఇచ్చినప్పుడు బ్యాంకు పాత నంబరుతో కొత్త ఖర్చులు జరగకుండా ఆపుతుంది గానీ, ఆ నంబరు ఏ ఖాతాదారుదో తన రికార్డుల్లోంచి చెరిపివేయదు. అందువల్ల పాత నంబరు మీద వచ్చిన రీఫండ్ సాధారణంగా అదే ఖాతాలో జమ అయి, కొత్త కార్డు స్టేట్‌మెంటులో కనిపిస్తుంది. కార్డు గడువు తీరి కొత్తది వచ్చిన వారికీ ఇదే వర్తిస్తుంది.

మరి సొమ్ము ఎక్కడ ఆగింది? నా అనుభవంలో ఇలాంటి ఉత్తరాల్లో ఎక్కువ వాటికి మూలం కార్డు మారడం కాదు, ‘పంపేశాము’ అన్న మాట. రీఫండ్ నమోదు చేయగానే సొమ్ము కదలదు. చాలా గేట్‌వేలు ఆ సంస్థకు ముందుముందు ఇవ్వవలసిన వసూళ్లలోంచే రీఫండ్ మొత్తాన్ని మినహాయించి పంపుతాయి. సంస్థ ఖాతాలో తగినంత నిల్వ లేకపోతే రీఫండ్ అక్కడే పెండింగులో ఉండిపోతుంది. యాత్ర రద్దు చేసి ఒకేసారి అనేకమందికి సొమ్ము తిరిగి ఇవ్వవలసి వచ్చిన సంస్థ విషయంలో ఇలా జరగడానికి అవకాశం మరింత ఎక్కువ. గేట్‌వే దాటిన తరువాత సొమ్ము ట్రావెల్స్‌వారి బ్యాంకు నుంచి వీసా, రూపే వంటి కార్డు నెట్‌వర్కు ద్వారా మీ బ్యాంకుకు రావాలి. దీనికి మామూలుగా ఐదు నుంచి ఏడు పనిదినాలు పడుతుంది.

కాబట్టి ట్రావెల్స్‌వారిని ‘పంపారా, లేదా’ అని అడగడం మాని, ఏఆర్‌ఎన్ అడగండి. పూర్తి పేరు అక్వైరర్ రిఫరెన్స్ నంబర్. సాధారణంగా 23 అంకెలుంటుంది. రీఫండ్ నిజంగా వారి బ్యాంకు నుంచి బయలుదేరితేనే ఇది పుడుతుంది. దీనితో పాటు రీఫండ్ తేదీ, మొత్తం, కార్డు చివరి నాలుగు అంకెలు ఉన్న రసీదును ఈ మెయిల్‌లో ఇమ్మనండి. రూపే క్రెడిట్ కార్డును యూపీఐకి జత చేసి కట్టినవారైతే పన్నెండంకెల యూపీఐ రిఫరెన్సు నంబరు అడగాలి. నంబరు ఇవ్వలేకపోతే సొమ్ము వారి దగ్గరే ఉన్నదని దాదాపుగా నిర్ధారించుకోవచ్చు. నంబరు ఇస్తే ఇక మీరు అడగవలసింది మీ బ్యాంకునే.

బ్యాంకుతో ఫోనులో మాట్లాడి వదిలేయకుండా రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి ఫిర్యాదు సంఖ్య తీసుకోండి. కాల్ సెంటర్‌లో ఉన్నవారు చాలాసార్లు కొత్త కార్డు నంబరు మీద ఉన్న లావాదేవీలను మాత్రమే చూసి ఏమీ రాలేదని చెబుతారు. అందుకే మీ ఉత్తరంలో పాత కార్డు చివరి నాలుగు అంకెలు, దాన్ని బ్లాకు చేసిన తేదీ, కొత్త కార్డు చివరి నాలుగు అంకెలు, అడ్వాన్సు కట్టిన తేదీ, ఏఆర్‌ఎన్ రాసి, ఈ నంబరు మీద వచ్చిన సొమ్ము ఏ ఖాతాలో జమ అయిందో, లేక ఎవరికి తిప్పి పంపారో చెప్పమని సూటిగా అడగండి. ఈలోగా రద్దు తేదీ తరువాతి స్టేట్‌మెంట్లన్నీ మీరే ఒకసారి వరుసగా చూడండి. బోర్డు మీద ఉన్న ట్రావెల్స్ పేరుకు బదులు రిజిస్టరు చేసిన కంపెనీ పేరో, గేట్‌వే పేరో ఉంటుంది గనుక వచ్చిన సొమ్మును గుర్తుపట్టలేకపోయిన సందర్భాలు కూడా ఉన్నాయి.

రీఫండ్ వస్తుంది గదా అని కార్డు బిల్లు కట్టడం ఆపవద్దు. గడువు తేదీలోగా రీఫండ్ జమ అయితే, ఇంకా కట్టని బకాయిలో దాన్ని వెంటనే సర్దుబాటు చేసి మీకు తెలియజేయాలని రిజర్వు బ్యాంకు ఇచ్చిన క్రెడిట్ కార్డు ఆదేశాల్లో ఉంది. కానీ అది రాకముందే మీరు బిల్లులో ఆ నలభై వేలు తగ్గించి కడితే వడ్డీ పడుతుంది, ఆ వడ్డీ కోసం మళ్లీ మరో తగవు మొదలవుతుంది.

ట్రావెల్స్‌వారు ఏఆర్‌ఎన్ ఇవ్వక, సొమ్మూ ఇవ్వక జాప్యం చేస్తే, రద్దు చేసినట్లు వారు పంపిన సందేశాన్ని జతచేసి మీ బ్యాంకులో చార్జ్‌బ్యాక్ (వ్యాపారి తీసుకున్న సొమ్మును బ్యాంకు ద్వారా వెనక్కి రప్పించే ప్రక్రియ) కోరండి. రావలసిన రీఫండ్ వ్యాపారి ఇవ్వలేదన్నది దీనికి సరైన కారణం. లావాదేవీ పాత కార్డు మీద జరిగిందన్నది అడ్డంకి కాదు. అయితే కార్డు నెట్‌వర్కుల నియమాల్లో దీనికి సాధారణంగా 120 రోజుల గడువు ఉంటుంది. ‘వచ్చే వారం, వచ్చే వారం’ అంటూ ట్రావెల్స్‌వారు చెప్పే మాటలతో ఈ గడువు కరిగిపోవడమే నన్ను ఎక్కువగా బాధించే విషయం. వారితో మాట్లాడుతూనే బ్యాంకులో దరఖాస్తు పెట్టండి, రెండూ ఏకకాలంలో సాగవచ్చు.

ఆ తరువాతి మెట్లు ఎవరిది తప్పన్న దాన్ని బట్టి ఉంటాయి. బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు సంతృప్తికరంగా లేకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులను పరిష్కరించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. 14448 నంబరుకు ఫోన్ చేస్తే తెలుగులోనే వివరాలు చెబుతారు. కానీ ట్రావెల్స్ సంస్థ మీద ఫిర్యాదును అంబుడ్స్‌మన్ స్వీకరించరు. దానికి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది, అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. లోపభూయిష్టమైన సేవకు తీసుకున్న సొమ్మును రసీదులో చెప్పిన గడువులో, గడువు చెప్పకపోతే 30 రోజుల్లో తిరిగి ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి అని 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం చెబుతోంది. సంస్థ విజయవాడలో ఉన్నా మీరు నివసిస్తున్న గుంటూరులోనే కేసు వేయవచ్చు. ఐదు లక్షల రూపాయల లోపు వ్యవహారానికి రుసుము లేదు. న్యాయవాదిని పెట్టుకోవడం తప్పనిసరి కాదు. రెండేళ్లలోపు వేయాలి. యాత్రను వారే రద్దు చేశారు గనుక సర్వీసు చార్జీ పేరుతో కొంత పట్టుకుంటామంటే ఒప్పుకోవద్దు. రద్దు చేసింది యాత్రికుడైతే ఒప్పుకున్న షరతుల ప్రకారం కొంత పోవచ్చు గానీ, మీ సందర్భం అది కాదు.

ప్రశ్న: నాది విజయవాడ, లబ్బీపేట. సింగపూర్ యాత్రకు ఒక సంస్థకు అడ్వాన్సు కట్టాను. ఆ తరువాత వార్షిక రుసుము ఎక్కువగా ఉందని కార్డు ఖాతానే పూర్తిగా మూయించాను. యాత్ర ఆగిపోయింది. సొమ్ము మూసిన ఖాతాకే వెళుతుందంటున్నారు. నాకు ఆ బ్యాంకులో వేరే ఖాతా లేదు.
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: అమ్మా, మీ పరిస్థితి పై పాఠకుడి పరిస్థితికి భిన్నమైనది. ఆయన ఖాతా బతికే ఉంది, మీ ఖాతా లేదు. మూసిన ఖాతాకు వచ్చిన రీఫండ్ రెండు విధాలుగా ముగుస్తుంది. బ్యాంకు దానిని స్వీకరించి మీ పేరిట నిల్వగా చూపవచ్చు, లేదా వచ్చిన దారినే ట్రావెల్స్‌వారి బ్యాంకుకు తిప్పి పంపవచ్చు. స్వీకరించిన పక్షంలో, కార్డు ఖాతా మూసిన తరువాత మిగిలిన నిల్వను కార్డుదారు బ్యాంకు ఖాతాకు బదిలీ చేయాలని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది. ఆ ఖాతా అదే బ్యాంకులో ఉండనక్కరలేదు. మీ పేరు ముద్రించిన రద్దు చెక్కు గానీ పాస్‌బుక్కు మొదటి పేజీ గానీ జతచేసి కోరండి.

తిప్పి పంపితే సొమ్ము సంస్థ దగ్గరకే చేరుతుంది. అప్పుడు మీకు అవసరమయ్యేవి రెండు కాగితాలు: కార్డు ఖాతా మూసినట్లు బ్యాంకు ఇచ్చే ఉత్తరం, ఫలానా ఏఆర్‌ఎన్ గల రీఫండ్ జమ కాలేదని బ్యాంకు ఇచ్చే జవాబు. ఇవి చూపితే సంస్థ నేరుగా మీ బ్యాంకు ఖాతాకు నెఫ్ట్ చేయవచ్చు. కట్టిన కార్డుకే ఇస్తామని సంస్థలు పట్టుబట్టడానికి న్యాయమైన కారణమే ఉంది: ఒకరి కార్డుతో కట్టించి మరొకరి ఖాతాకు సొమ్ము తీసుకునే మోసాలు జరుగుతుంటాయి. అందుకే కాగితాలు లేకుండా ఫోనులో వాదించి ప్రయోజనం లేదు. ఇంకా సొమ్ము పంపకపోయి ఉంటే, ఖాతా మూసిన సంగతి ఈరోజే ఈ మెయిల్‌లో తెలియజేయండి. సొమ్ముకు ఒక అనవసరపు ప్రయాణం తప్పుతుంది.

మరొక్క మాట. విదేశీ యాత్ర ప్యాకేజీ మీద సంస్థలు ఆదాయపు పన్ను కింద టీసీఎస్ (అమ్మేటప్పుడే కొనేవారి నుంచి తీసుకునే పన్ను) వసూలు చేస్తాయి. మీ అడ్వాన్సు రసీదులో అది ఉందేమో చూడండి. వారు దానిని అప్పటికే మీ పాన్ నంబరు మీద ప్రభుత్వానికి జమ చేసి ఉంటే ఆ భాగాన్ని తిరిగి ఇవ్వలేమని అనవచ్చు. ఆ సొమ్ము పోదు. ఆదాయపు పన్ను శాఖ దగ్గర మీ పేరిట ఉన్న పన్ను జమల పత్రంలో కనిపిస్తుంది, రిటర్ను దాఖలు చేసి పన్నులో సర్దుబాటో వాపసో పొందవచ్చు.

ప్రశ్న: రద్దయిన టూరు తాలూకు 28,000 రూపాయలు కొత్త కార్డులో జమ అయ్యాయి. పాత బిల్లు నేను ఎప్పుడో కట్టేశాను. ఆ సొమ్ము కార్డులో నిల్వగా పడి ఉంది. ఖర్చు పెట్టుకోవడమే తప్ప చేతికి రాదని బ్యాంకు ఉద్యోగి అన్నారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, గుంటూరు అరండల్‌పేట

జవాబు: నిజం కాదు. కార్డు ఖాతాలో ఉన్న అదనపు జమను తన బ్యాంకు ఖాతాకు మార్చమని కార్డుదారు కోరితే, కోరిన నాటి నుంచి మూడు పనిదినాల్లో మార్చాలని రిజర్వు బ్యాంకు క్రెడిట్ కార్డు ఆదేశాలు చెబుతున్నాయి. అంతేకాదు, మీరు బిల్లు కట్టేసిన లావాదేవీకి రీఫండ్ వచ్చి, ఆ మొత్తం కార్డు పరిమితిలో ఒక శాతం లేదా ఐదు వేల రూపాయలు, ఈ రెండింటిలో ఏది తక్కువైతే దానిని మించితే, కార్డులోనే ఉంచడానికి బ్యాంకు ఏడు రోజుల్లోగా ఎస్సెమ్మెస్ లేదా ఈ మెయిల్ ద్వారా మీ అనుమతి అడగాలి. మీరు జవాబు ఇవ్వకపోతే సొమ్మును మీ బ్యాంకు ఖాతాకు పంపాలి. మీ 28,000 ఈ హద్దుకు చాలా పైన ఉన్నాయి. ఈ నిబంధనను ప్రస్తావిస్తూ బ్యాంకు ఫిర్యాదుల విభాగానికి రాయండి, ఖాతా నంబరు, ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ ఇవ్వండి. బ్యాంకు ఫోన్ నంబరును మాత్రం ఇంటర్నెట్‌లో వెతికి తీసుకోవద్దు, కార్డు వెనుక ఉన్నదే వాడండి; నకిలీ కస్టమర్ కేర్ నంబర్లు పెట్టి రీఫండ్ పేరుతో దోచుకునేవారున్నారు. అలాంటివారి చేతిలో ఎవరైనా సొమ్ము పోగొట్టుకుంటే క్షణం ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి.