స్ట్రాబెర్రీకి మాగాయ పద్ధతి

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఆవకాయ బూజు తరువాత ఎక్కువమంది అడిగింది చల్లటి పండ్ల స్వీట్ల గురించే. పిల్లలకి సెలవులు. వాళ్ళు ఫోన్‌లో చూస్తారు, మనల్ని చేయమంటారు. నాలుగు ఉత్తరాలకి జవాబు రాస్తున్నాను.

ప్రశ్న: పిన్నిగారూ, మా పాప పుట్టినరోజుకి స్ట్రాబెర్రీ కస్టర్డ్ చేశాను. రాత్రి ఫ్రిజ్‌లో పెట్టినప్పుడు బాగానే ఉంది. పొద్దున్న చూస్తే అడుగున ఎర్రటి నీళ్ళు, పైన విరిగిన పాలలా గడ్డలు. కస్టర్డ్ పొడి తక్కువైందంటారా? (ఎంవీపీ కాలనీ పాఠకురాలు)

జవాబు: పొడి తక్కువ కాలేదమ్మా, నీళ్ళు ఎక్కువయ్యాయి. అవి మీరు పోసినవి కావు, పండులోవి. స్ట్రాబెర్రీలో పదింట తొమ్మిది వంతులు నీరే. పంచదార తగిలిందంటే ఆ నీరు బయటికి దిగడం మొదలుపెడుతుంది. మాగాయకి ముక్కలు ఉప్పులో వేస్తే ఊట దిగదూ, అదే సంగతి. మాగాయకి మనం ఊట వేరు, ముక్కలు వేరు చేస్తాం కదా, దీనికీ అలాగే చేయండి.

పావుకిలో పళ్ళు ముందు కడిగి, ఆరాక తొడిమలు తీయండి. తొడిమ తీసి కడిగితే ఆ గుంటలోంచి నీళ్ళు లోపలికి పోతాయి. నాలుగేసి ముక్కలు కోసి, మూడు చెంచాల పంచదార చల్లి అరగంట వదిలేయండి. గిన్నె వంచితే ఎర్రటి ఊట జారుతుంది. దాన్ని స్టీలు గిన్నెలో సన్నటి సెగ మీద లేతపాకం వచ్చేదాకా మరిగించి, చల్లారాక మళ్ళీ ముక్కల మీదే పోసేయండి. రుచి ఎక్కడికీ పోదు, నీరు మాత్రమే పోతుంది.

ఇక గడ్డల సంగతి. పాలు వేడిగా ఉండగానే ముక్కలు వేసి ఉంటారు. పుల్లటి రసం వేడి పాలలో పడితే పనీరు అవుతుంది గానీ కస్టర్డ్ అవుతుందా? నేను మొదటిసారి చేసినప్పుడూ ఇదే జరిగింది. శ్రీకాకుళం నుంచి మా ఆడపడుచు వాళ్ళు వస్తే, గొప్పగా గాజు గ్లాసుల్లో పోసి ఇచ్చాను. ఆవిడ ఒక చెంచా తిని, "వదినా, మజ్జిగలో బీట్‌రూట్ వేశావేంటి?" అంది. ఇప్పటికీ ఇంటికొస్తే ఆ మాట ఎత్తుతుంది. అర లీటరు పాలకి రెండున్నర పెద్ద చెంచాల పొడి, ముందే కాసిని చల్లటి పాలలో కలుపుకుని పోయండి. ఉడుకు పట్టాక ఇంకో రెండు నిమిషాలు కలుపుతూ ఉంచితే పిండి వాసన పోతుంది. బాగా చల్లారాక, వడ్డించే ముందు పండ్లు కలపండి. రుచి చూసిన చెంచా మళ్ళీ గిన్నెలో పెట్టకండి. ఎంగిలిలో పిండిని కరిగించే గుణం ఉంది, చిక్కటి కస్టర్డ్ కూడా పొద్దుటికి పల్చబడుతుంది. మా అత్తగారి ఎంగిలి పట్టింపు చాదస్తం అనుకునేదాన్ని.

ఇంకొక మాట. మన లంబసింగి స్ట్రాబెర్రీ డిసెంబరు నుంచి మార్చి దాకానే. మే నెలలో పెట్టె మీద ఎర్రగా మెరిసేవి మన కొండలవి కావు, పులుపూ ఎక్కువే. నేను ఫిబ్రవరిలో రెండు కిలోలు కొని, కడిగి ఆరబెట్టి, పళ్ళెంలో ఒకదానికొకటి తగలకుండా పరిచి ఫ్రీజర్‌లో పెడతాను. గట్టిపడ్డాక కవర్లో కడతాను. కరిగితే మెత్తబడతాయి కాబట్టి పైన అలంకరణకి పనికిరావు, పాకానికి మాత్రం భేషుగ్గా ఉంటాయి.

ప్రశ్న: మేడమ్, జెల్లీ చేసి డబ్బాలో పెట్టుకుని ఆర్కే బీచ్‌కి వెళ్ళాం. మూత తీసేసరికి షర్బత్ అయిపోయింది. పైగా మా అత్తగారు శాకాహారి, ఆవిడ తినొచ్చా? (గాజువాక పాఠకురాలు)

జవాబు: ముందు అత్తగారి సంగతి. జెల్లీ గడ్డకట్టడానికి వేసే జెలటిన్ జంతువుల తోలు, ఎముకల నుంచి తీస్తారు. పాకెట్ మీద ఆకుపచ్చ చుక్క ఉంటేనే ఆవిడకి పెట్టండి. జెలటిన్ 30, 35 డిగ్రీల మధ్యే కరిగిపోతుంది. నోట్లో వెన్నలా కరగడం దాని గొప్ప, మన బీచ్‌లో కరగడం దాని ఖర్మ.

మీకు కావాల్సింది చైనా గ్రాస్. అది సముద్రపు నాచు నుంచి వచ్చేది. ఒకసారి గడ్డకట్టిందంటే సుమారు 85 డిగ్రీల దాకా కరగదు, మన ఎండ దాన్ని ఏం చేయలేదు. పొడి అయితే ఒక టీ చెంచా ఒక కప్పు ద్రవానికి సరిపోతుంది. అందులో సగం నీళ్ళు పెట్టుకుని, పొడి వేసి రెండు మూడు నిమిషాలు తెర్లనిచ్చి, దించాక మిగతా సగం వడగట్టిన పండ్ల రసం పోయండి. పుల్లటి రసంతో కలిపి మరిగిస్తే పట్టు తగ్గిపోతుంది. రసం ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే పోస్తే గరిటె చుట్టూ గడ్డలు కడుతుంది, ముందే బయట పెట్టుకోండి. జెలటిన్‌లా ఊగదు, చెంచా పెడితే పుటుక్కున తెగుతుంది. పిల్లలు కాస్త ముఖం చిట్లిస్తారేమో. సింహాచలం అనాసపండు పచ్చి ముక్కలు వేస్తే జెలటిన్ అసలు గడ్డకట్టదు, దీనికి ఆ పేచీ లేదు.

ప్రశ్న: మా పెరట్లో నేరేడు చెట్టుంది. జూన్ వస్తే నేలంతా నల్లటి మరకలే. వగరని పిల్లలు ముట్టరు. వీటితో ఏదైనా స్వీట్ అవుతుందా? (పెందుర్తి పాఠకురాలు)

జవాబు: స్ట్రాబెర్రీ కోసం అంతంత డబ్బు పోసేవాళ్ళని చూస్తుంటే, ఇలాంటి ఉత్తరం ఎప్పుడు వస్తుందా అనిపించేది. ఎండాకాలం చివర మనకి దొరికే బెర్రీ ఇదేనమ్మా.

మా పెదవాల్తేరులో పోలమాంబ గుడి దగ్గరికి నేరేడు గంప ఒకటి వస్తుంది. వాటికి ఏం చేయాలో నాకు చెప్పింది ఆ గంప మనిషే: "ఉప్పేసి డబ్బాలో ఊపేయమ్మా, వగరు సచ్చిపోద్ది." బాగా పండినవి అరకిలో స్టీలు డబ్బాలో వేసి, చిటికెడు ఉప్పు చల్లి, మూత బిగించి ఊపండి. పిల్లలకే ఇవ్వండి ఈ పని. రెండు నిమిషాల్లో తొక్కలు చిట్లి, డబ్బా గోడలకి ఊదా రంగు పట్టేస్తుంది. పావుగంట ఆగి, చిల్లుల గిన్నెలో వేసి చేత్తో నలిపితే గుజ్జు కిందికి దిగుతుంది, గింజలు పైన మిగులుతాయి. మిక్సీలో వేయకండి, గింజ ముక్క పడితే చేదెక్కుతుంది.

కప్పు గుజ్జుకి పావు కప్పుకి కాస్త పైన పంచదార, పావు కప్పు నీళ్ళలో కరిగించి చల్లార్చి కలపండి. అర చెక్క నిమ్మరసం పిండితే ఊదా రంగు ఎర్రబడి కళకళలాడుతుంది. వెడల్పాటి పళ్ళెంలో పోసి ఫ్రీజర్‌లో పెట్టి, ముప్పావుగంటకోసారి ఫోర్కుతో గీరండి. నాలుగుసార్లు గీరితే పలుకు పలుకుగా నేరేడు మంచు తయారు. తీపి వద్దని పంచదార తగ్గిస్తే మాత్రం రాయి అవుతుంది, సుత్తి తెచ్చుకోవాలి. పంచదార బదులు అనకాపల్లి బెల్లం వేసి చూడండి. నాకు అదే ఇష్టం, రంగు మాత్రం కాస్త మట్టిగా వస్తుంది.

కుల్ఫీ కావాలంటే మరిగించిన చిక్కటి పాలు పూర్తిగా చల్లారాకే గుజ్జు కలపండి. మా ఆడపడుచు మజ్జిగ గుర్తుందిగా.

ప్రశ్న: నేరేడు షుగర్‌కి మంచిదంటారు. మావారు నేరేడు కుల్ఫీ రోజూ రెండు కప్పులు తింటానంటున్నారు. తినొచ్చా? (సీతమ్మధార పాఠకురాలు)

జవాబు: నేరేడు సంగతి తరువాత, కుల్ఫీలో పంచదార మీరే వేశారు కదమ్మా! నేరేడు తోడుందని పంచదార పంచదార కాకుండా పోదు. ఏ పండు ఎంత తినాలో డాక్టరుగారి లెక్క ప్రకారమే ఉండాలి. ఆయన సరేనంటే, ఉప్పేసి ఊపిన పళ్ళు ఓ ఏడెనిమిది మీవారికి ఇవ్వండి. కుల్ఫీ మీరు తినండి.