'అండి'లో వెటకారం ఎక్కడుంది?

సందేహం: మాది అమలాపురం దగ్గర పల్లె. ఉద్యోగం హైదరాబాదులో. మాటకోసారి 'అండీ', 'ఆయ్' అంటుంటే వెటకారం చేస్తున్నాననుకుంటున్నారు. 'వచ్చేడు' అనడం తప్పట. నిజమేనా?
– ఒక పాఠకురాలు

సమాధానం: ముందు 'అండి' ఎవరికో చూద్దాం. 'దొంగవెధవ గోడ దూకి పారిపోయేడండీ' అంటే మన్నన దొంగకు కాదు, వింటున్నవారికి. 'డు' దొంగది, 'అండి' శ్రోతది. 'కుక్క కరిచిందండీ' అన్నా అంతే. ఇది తెలుగువారంతా వాడేదే. కాకపోతే మీ వైపు వాక్యం పూర్తయ్యేదాకా ఆగరు: 'నిన్నండీ, రేవు దాటేకండీ, బస్సు దొరకలేదండీ'. విరుపు విరుపుకీ తగిలించి, చివరి అచ్చు సాగదీస్తారు. అలవాటు లేని చెవికి ఈ మోతాదు ఎక్కువ. మర్యాద మితిమీరితే ఎగతాళిలా వినిపిస్తుంది కదా, చిక్కల్లా అక్కడే.

కోనసీమలో వెటకారం లేదనను, బోలెడుంది! కానీ దాని గుర్తు 'అండి' కాదు, పొంతన తప్పడం. రోజూ 'ఒరేయ్' అని పిలిచే నేస్తాన్ని పట్టుకుని 'తమరెప్పుడు దయచేసేరండీ?' అంటే వెటకారం. ఇంటికొచ్చిన పెద్దాయనతో అదే మాట మర్యాద. ఇక 'ఆయ్' పెద్దల మాటకు ఒప్పుకోలు. సినిమాల్లో హాస్యపాత్రల నోట నలిగి నలిగి, వినగానే నవ్వు తెప్పిస్తోంది, అంతే.

'వచ్చేడు' సంగతి. 'మేకు', 'మేక' పైకి అని చూడండి. రాతలో రెండింటికీ 'మే' ఒకటే, కానీ 'మేక' అనేటప్పుడు నోరు ఎక్కువ తెరుచుకుంటుంది. 'వచ్చాడు'లో పలికేది ఇంచుమించు ఆ ధ్వనే, 'తాత'లోని ఆకారం కాదు. దానికి మన లిపిలో అక్షరం లేదు. అందుకే కొందరు 'ఆ'తో రాశారు, గోదావరి, విశాఖ వైపు చాలామంది 'ఏ'తో రాశారు. పాఠ్యపుస్తకాలు 'ఆ'ను పట్టుకున్నాయి. ఇందులో తప్పేముంది? భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారు మాటతీరును బట్టి తెలుగునేలను నాలుగు భాషామండలాలుగా విభజించారు. వాటిలో గోదావరి జిల్లాలు కృష్ణా, గుంటూరులతో కలిసి మధ్యమండలంలోనే ఉన్నాయి. మిమ్మల్ని దిద్దుతున్నవారి 'ప్రామాణిక' భాషకు పునాది చాలావరకు ఆ మండలమే.

మాట మార్చుకోనక్కర్లేదు. అర్జీలో, ఆఫీసు కాగితంలో మాత్రం 'వచ్చాడు' రాయండి. కొత్తవారితో ఫోనులో వాక్యానికి ఒక్క 'అండి' చాలు, సాగదీయకుండా. రాసేటప్పుడు మామూలు వాక్యానికి హ్రస్వం: 'లేదండి'. పిలుపుకు దీర్ఘం: 'ఏమండీ'.