అంబాసిడర్‌కు జీపు యాక్సిల్ బిగించవచ్చా?

ప్రశ్న: మాది గుంటూరు. నాన్నగారు 1972లో కొన్న అంబాసిడర్ కారు ఇప్పటికీ మా వాడుకలో ఉంది. ఆర్‌సీ నా పేరుకు మారింది, రెన్యువల్ కూడా చేయిస్తున్నాను. నిరుడు కార్తీక మాసంలో కుటుంబంతో కోటప్పకొండ ఘాట్ ఎక్కుతుండగా వెనుక చక్రాలను తిప్పే ఇరుసు, అంటే యాక్సిల్ షాఫ్టు విరిగి కారు దారిలోనే నిలిచిపోయింది. పాత జీపు వెనుక యాక్సిల్‌ను దాని పెద్ద బ్రేకులతో సహా బిగిస్తే ఇక ఈ బాధ ఉండదని విజయవాడ ఆటోనగర్‌లో మాకు తెలిసిన మెకానిక్ అంటున్నారు. ఇది చట్టం ఒప్పుకొనే పనేనా? ఇన్సూరెన్సుకు ఏమైనా ఇబ్బంది వస్తుందా? తర్వాత వింటేజ్ రిజిస్ట్రేషన్ అడగవచ్చా?

జవాబు: తండ్రిగారి కారును తుక్కుకు వేయకుండా నిలబెట్టుకోవాలన్న మీ తపన నాకు అర్థమవుతోంది. అందుకే మెకానిక్ పని మొదలుపెట్టక ముందే మీరు అడిగినందుకు సంతోషం. న్యాయవాదినైన నా దగ్గరికి వచ్చేవారిలో చాలామంది బిగింపు పూర్తయి, ఏదో ఒక చిక్కు వచ్చాకే వస్తుంటారు.

మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ మీ ప్రశ్నకు మూలం. వాహనాన్ని మార్చడం వల్ల ఆర్‌సీలోని వివరాలు తయారీదారు మొదట నిర్దేశించిన వివరాలతో పొసగని స్థితి రాకూడదని ఆ సెక్షన్ చెబుతుంది. వాహన నిర్మాణంలో చేసిన మార్పు వల్ల దాని మౌలిక లక్షణం మారితే, దానినే ఆ సెక్షన్ ‘మార్పు’ అంటుంది. కేరళకు చెందిన కె. జయచంద్ర కేసులో 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ సెక్షన్‌కు గట్టి అర్థమే చెప్పింది. తయారీదారు నిర్దేశించిన వివరాలకు విరుద్ధంగా వాహనాన్ని మార్చడానికి వీల్లేదని, నియమావళిని చూపి చట్టంలోని నిషేధాన్ని పలుచన చేయకూడదని ఆ తీర్పు సారాంశం.

మరమ్మతు వేరు, మార్పు వేరు. విరిగిన షాఫ్టు తీసి అదే మోడల్ షాఫ్టు వేయడం, యాక్సిల్ లోపల అరిగిన పళ్ల చక్రాలు (క్రౌన్ పినియన్), బేరింగులు, బ్రేక్ షూలు మార్చడం, అవసరమైతే అదే మోడల్ అంబాసిడర్ యాక్సిల్‌ను మొత్తంగా తెచ్చి బిగించడం మరమ్మతు కిందికే వస్తాయి. వీటికి ఎవరి అనుమతీ అక్కరలేదు, బిల్లులు దాచుకుంటే చాలు. అదే కంపెనీ తర్వాతి కాలంలో చేసిన అంబాసిడర్ యాక్సిల్ వేస్తే మాత్రం మీ కారుకు నిర్దేశించినది అదేనా అన్న ప్రశ్న వస్తుంది. అటువంటప్పుడు రిజిస్టరింగ్ అధికారిని ముందుగా లిఖితపూర్వకంగా అడగడం మేలు. అనుమతి ఇస్తే, పని పూర్తయిన 14 రోజుల్లోగా ఆర్‌సీతో పాటు ఆ సంగతిని వారికి తెలియజేయాలి.

జీపు యాక్సిల్ సంగతి ఇలా తేలదు. కారు ఆర్‌సీలో యాక్సిల్ రకాన్ని రాయరు కదా, ఎవరికి తెలుస్తుందని మీ మెకానిక్ అనవచ్చు. అయితే ఆర్‌సీలో ఖాళీ బరువు ఉంటుంది. జీపు హౌసింగ్ (యాక్సిల్‌ను కప్పి ఉంచే ఇనుప తొడుగు), దాని బ్రేకు డ్రమ్ములు కలిపి బరువెక్కితే, మిర్చి యార్డు చుట్టుపక్కల ఉన్న ఏ లారీ కాటా మీదకు ఎక్కించినా తేడా బయటపడుతుంది. పైగా ఆ యాక్సిల్ అలాగే వచ్చి కూర్చోదు. కమాన్ కట్టలు కూర్చునే దిమ్మెలను హౌసింగ్ మీద కోసి మళ్లీ వెల్డింగ్ చేయాలి, గేర్‌బాక్సు నుంచి వెనుక యాక్సిల్‌కు శక్తిని చేర్చే ప్రొపెల్లర్ షాఫ్టు పొడవు సరిచేయాలి, పినియన్ నిష్పత్తి మారితే స్పీడోమీటర్ తప్పు చూపుతుంది. ఇంత జరిగాక దీనిని మరమ్మతు అని ఏ అధికారి ముందూ నేను వాదించలేను. అనుమతి కోరినా, పై తీర్పు తర్వాత ఇవ్వడానికి అధికారికి అవకాశం చాలా తక్కువ.

బ్రేకుల గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే ప్రాణాలకు సంబంధించిన భాగం ఇదే. వెనుక పెద్ద డ్రమ్ములు పెట్టి, ముందు బ్రేకులను, పెడల్ ఒత్తిడిని బ్రేకులకు పంపే మాస్టర్ సిలిండర్‌ను పాతవే ఉంచితే, గట్టిగా తొక్కినప్పుడు వెనుక చక్రాలు ముందుగా పట్టేసి కారు పక్కకు తిరిగిపోయే ప్రమాదం ఉంది. తడిసిన ఘాట్ రోడ్డు మీద కుటుంబం లోపల ఉండగా అలా జరిగితే ఏమవుతుందో మీరే ఆలోచించండి. ప్రమాదానికి దారితీసే లోపం ఉందని తెలిసి, లేదా మామూలు జాగ్రత్తతో తెలుసుకోగలిగి ఉండీ, బండి నడిపితే 190వ సెక్షన్ కింద 1,500 రూపాయల జరిమానా ఉంది. ఆ లోపం వల్ల ఎవరైనా గాయపడితే మూడు నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ప్రాణమే పోతే భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద కేసు పెట్టే వీలుంది. అప్పుడు మీరు చేయించిన వెల్డింగే మీకు ఎదురు సాక్ష్యమవుతుంది.

ప్రమాదం జరగకపోయినా, చట్టం అనుమతించని మార్పు చేసిన యజమానికి 182ఎ సెక్షన్ నాలుగో ఉపసెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. 53వ సెక్షన్ కింద, మీ వాదన విన్న తర్వాత, రిజిస్ట్రేషన్‌ను సస్పెండ్ చేసే అధికారమూ ఉంది. మీ కారుకు ఐదేళ్లకోసారి రెన్యువల్ ఉంటుంది కనుక, మన వాడుకలో బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అనే అధికారి దానిని చూడక తప్పదు.

ఇన్సూరెన్సులో రెండు భాగాలను విడిగా చూడాలి. ఎదుటివారికి నష్టం జరిగినప్పుడు బీమా కంపెనీ చెప్పగల అభ్యంతరాలను 150వ సెక్షన్ పరిమితం చేసింది, కాబట్టి బాధితులకు పరిహారం అందే అవకాశం ఎక్కువగానే ఉంటుంది. మీ సొంత కారుకు జరిగిన నష్టం విషయంలో అంత భరోసా లేదు. చెప్పకుండా చేసిన మార్పును ముఖ్యమైన విషయాన్ని దాచడంగా చూపి కంపెనీ క్లెయిమును తిరస్కరించవచ్చు. కనుక మరమ్మతు కాని ఏ పనినైనా పాలసీ రెన్యువల్‌కు ముందే రాతపూర్వకంగా తెలపండి.

వింటేజ్ రిజిస్ట్రేషన్‌కు 2021లో కేంద్రం ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటిన సొంత వాడుక వాహనానికి ఇది వర్తిస్తుంది, వయసు రీత్యా మీ కారు అర్హమే. అయితే వాహనం అసలు రూపంలో ఉండాలి, ఛాసిస్, బాడీ, ఇంజన్‌లలో మార్పుతో కూడిన భారీ పని జరిగి ఉండకూడదు. ఈ మూడింటిలో యాక్సిల్ పేరు లేదని వాదించవచ్చు గానీ, ‘అసలు రూపం’ అన్న మాట ముందు ఆ వాదన నిలుస్తుందని నేను నమ్మను. ఇంకో సంగతి, వింటేజ్ వాహనాన్ని రోజువారీ అవసరాలకు తిప్పకూడదు. ప్రదర్శన, ర్యాలీ, పరిశోధన, పెట్రోలు, మరమ్మతు వంటి పనులకే రోడ్డెక్కాలి. ఏటా కోటప్పకొండకు, వారానికోసారి బెజవాడకు వెళ్లాలనుకుంటే మామూలు రిజిస్ట్రేషనే మీకు అనుకూలం.

అందువల్ల అదే మోడల్ యాక్సిల్‌ను వెతికించి, దాని బ్రేకులను పూర్తిగా బాగుచేయించమని నా సలహా. పాత సామాను కొనేటప్పుడు అమ్మిన దుకాణం బిల్లు తప్పనిసరిగా తీసుకోండి. దొంగ బండి నుంచి విప్పినదని తెలిసి, లేదా అలా నమ్మడానికి కారణం ఉండీ కొంటే న్యాయ సంహిత 317వ సెక్షన్ వర్తిస్తుంది. మెకానిక్ బిల్లు కూడా వివరంగా ఉండాలి. ఒక వినియోగదారుల కేసులో మా కక్షిదారు దగ్గర ఉన్నది సిగరెట్ పెట్టె అట్ట మీద పెన్సిలుతో ‘వెనక పని మొత్తం’ అని రాసి కింద అంకె వేసిన చీటీ మాత్రమే. ఏ భాగం వేశారో, కొత్తదో పాతదో నిరూపించడానికే మాకు నెలలు పట్టాయి. పని చెడితే రెండేళ్లలోగా మీరు గుంటూరులోనే జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించవచ్చు.

మీ కారు నుంచి విప్పిన అసలు హౌసింగ్‌ను మాత్రం పాత ఇనుముకు అమ్మేయకండి. నూనె పూసి ఇంట్లోనే భద్రపరచండి, రేపు మనసు మారి వింటేజ్ దరఖాస్తు పెట్టుకుంటే తనిఖీ అధికారులకు చూపించవచ్చు.